బడి భోజనం: నాణ్యత, తల్లిదండ్రుల పట్టు

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకు పని దినాల్లో మధ్యాహ్నం పూట ఉచితంగా వండి పెట్టే ఏర్పాటును మధ్యాహ్న భోజన పథకం అంటారు. కేంద్రం 2021 సెప్టెంబరులో దానికి పీఎం పోషణ్ అని పేరు మార్చింది. అప్పటికి దేశంలో 11.20 లక్షల బడులు, 11.80 కోట్ల మంది పిల్లలు దీని పరిధిలో ఉన్నారు. ఈ పథకం గురించి జరిగే చర్చంతా సాధారణంగా రెండు విషయాల చుట్టూనే తిరుగుతుంది. ఒకటి మెనూలో ఏముందన్నది, రెండోది ఒక్కో పిల్లవాడికి ప్రభుత్వం ఎన్ని రూపాయలు ఇస్తోందన్నది. రెండూ ముఖ్యమైనవే. అయితే ఒకే రాష్ట్రంలో, ఒకే మెనూతో, ఒకే రేటుతో నడిచే రెండు బడుల్లో ఒకచోట పిల్లలు మారు అన్నం అడుగుతారు, మరోచోట ఇంటి నుంచి బాక్సు తెచ్చుకుంటారు. ఈ తేడాకు డబ్బులోనూ మెనూలోనూ జవాబు దొరకదు. ఆ అన్నం తినే పిల్లల తరఫున అడగగల పెద్దవాళ్లు బడి దగ్గర ఉన్నారా, లేరా అన్నదాని మీదే భోజనం నాణ్యత చాలావరకు ఆధారపడి ఉందని ఈ పథకం చరిత్ర, దాని మీద జరిగిన పరిశోధనలు, దానిలో జరిగిన విషాదాలు చెబుతున్నాయి.

బడిలో అన్నం పెట్టడం దక్షిణాదికి కొత్త కాదు. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడిగా ఉన్న కాలంలో, 1920లో, మద్రాసు నగర కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని బడిలో పిల్లలకు మధ్యాహ్నపు తిండి పెట్టాలని తీర్మానించింది. తలకు అణా మించకూడదని ఖర్చుకు హద్దు కూడా పెట్టుకుంది. కామరాజ్ ప్రభుత్వం 1956లో మద్రాసు రాష్ట్రమంతటా బడి భోజనాన్ని విస్తరించేసరికి ఆంధ్ర ప్రాంతం విడిపోయి మూడేళ్లయింది. 1982 జులై 1న ఎం.జి. రామచంద్రన్ దాన్ని పౌష్టికాహార పథకంగా మార్చి ఎన్నో రెట్లు పెంచినప్పుడు, అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని వెక్కిరించినవాళ్లు తక్కువేం కాదు. జాతీయ స్థాయిలో పథకం పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1995 ఆగస్టు 15న మొదలైంది. కానీ చాలా రాష్ట్రాలు వండి పెట్టలేదు. నెలకు 80 శాతం హాజరున్న పిల్లలకు 3 కిలోల చొప్పున ధాన్యం ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఉత్తర్వుతో పరిస్థితి మారింది. రోజుకు కనీసం 300 కెలోరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండే వేడి అన్నాన్ని ఏడాదికి 200 రోజులకు తగ్గకుండా పెట్టాలన్నది ఆ ఉత్తర్వు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో పొయ్యిలు వెలిగాయి. వంట పనిని డ్వాక్రా మహిళా సంఘాలకు అప్పజెప్పారు.

ధాన్యం నుంచి వండిన అన్నానికి మారడంతో తల్లిదండ్రుల స్థానం కూడా మారిపోయింది. ఈ విషయం మీద చర్చ పెద్దగా జరగలేదు. 3 కిలోల బియ్యం ఇంటికి చేరినప్పుడు వాటిని చేటలో పోసి చూసేది తల్లి. పురుగు ఉంటే కనిపెట్టేది, తూకం తగ్గితే డీలరుతో తగవు పడేది. అయితే ఆ బియ్యం కుటుంబమంతా తిన్నారు, చదువుకునే పిల్లకు దక్కింది అందులో ఓ వాటా మాత్రమే. బడిలోనే వండి వడ్డించడం మొదలయ్యాక అన్నం నేరుగా పిల్ల కడుపులోకి చేరింది, తల్లి కంటికి మాత్రం దూరమైంది. పోషణ రీత్యా ఇది నిస్సందేహంగా మేలే. నిఘా రీత్యా మాత్రం నష్టం. ఇంట్లో ఏ రోజుకారోజు సహజంగా జరిగిపోయే పరీక్షకు బదులుగా ప్రభుత్వం ఏదో ఒక ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి రిజిస్టర్లు, యాప్‌లు, తనిఖీ బృందాలు పెడుతూ వచ్చింది. తల్లినే మళ్లీ ఆ స్థానంలోకి తెచ్చే ప్రయత్నం మాత్రం అరకొరగానే జరిగింది.

ఈ భోజనం వల్ల మేలు జరుగుతోందా అంటే, జరుగుతోందని గట్టి ఆధారాలే ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో ఫర్జానా అఫ్రీది చేసిన అధ్యయనంలో, బడిలో తిన్నాడు కదా అని ఇంట్లో పిల్లవాడి తిండిని తల్లిదండ్రులు ఆ మేరకు తగ్గించడం లేదని, బడి అన్నంలో పెద్ద భాగం అదనంగానే ఒంటికి పడుతోందని తేలింది. మన దగ్గరి పిల్లల మీదే జరిగిన మరో అధ్యయనం ఉంది. సింగ్, పార్క్, డెర్కాన్ అనే పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి సేకరించిన యంగ్ లైవ్స్ అనే దీర్ఘకాల సర్వే సమాచారాన్ని పరిశీలించి, కరవు కాలంలో పసివాళ్లుగా ఉండి ఎదుగుదల దెబ్బతిన్న పిల్లలు బడి భోజనంతో చాలావరకు కోలుకున్నారని 2014లో ప్రచురించారు. తనికా చక్రవర్తి, రాజశ్రీ జయరామన్ల లెక్క ప్రకారం, ఏడాది కూడా తినని పిల్లలతో పోలిస్తే ఐదేళ్ల దాకా తిన్న పిల్లల చదివే నైపుణ్యం 18 శాతం, లెక్కల నైపుణ్యం 9 శాతం మెరుగ్గా ఉంది. 2021లో వచ్చిన ఇంకో పరిశోధన ఒక తరం ముందుకు వెళ్లి, చిన్నప్పుడు బడిలో అన్నం తిన్న ఆడపిల్లలు పెరిగి తల్లులయ్యాక వాళ్ల బిడ్డలు ఎత్తు బాగా ఎదిగారని చూపింది. బిడ్డ ఎదుగుదలను తల్లి పోషణతో కలిపి చూడాలని పెద్దవాళ్లు ఎప్పుడూ చెప్పే మాటే, దానికి ఇప్పుడు అంకెలు దొరికాయి. అయితే ఈ ఫలితాలన్నిటికీ పిల్లలు ఆ అన్నం తినాలి. పళ్లెంలో వదిలేసిన అన్నానికి కెలోరీల లెక్క ఎంత వేసినా దండగే.

తినాలంటే అది తినేలా ఉండాలి. అందుకు ఎంత ఇస్తున్నారో కాస్త దగ్గరగా చూడాలి. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతులకు 700 కెలోరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నిబంధన. చిన్న తరగతి పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. బియ్యం ఉచితంగా వస్తాయి. మిగతావన్నీ కొనడానికి, పొయ్యి కింద మంటకు కలిపి 2025 మే నుంచి కేంద్రం ఖరారు చేసిన రేటు ఒక్కొక్కరికి 6 రూపాయల 78 పైసలు, పెద్ద తరగతులకు 10 రూపాయల 17 పైసలు. కిలో కందిపప్పు 120 రూపాయలనుకుంటే 20 గ్రాములకు 2.40 అవుతుంది. కూరగాయలు కిలో 40 అనుకుంటే 50 గ్రాములకు 2 రూపాయలు. నూనె కిలో 140 చొప్పున 5 గ్రాములకు 70 పైసలు. ఇక మిగిలేది 1 రూపాయి 68 పైసలు. చింతపండు, ఉప్పు, కారం, పోపు గింజలు, ఉల్లిపాయలు, గ్యాసు లేదా కట్టెలు అందులోనే రావాలి. టమాటా ధర ఎగబాకిన వారం ఈ లెక్క తలకిందులవుతుంది. వంట ఏజెన్సీ నడిపే ఆడవాళ్లు కిరాణా కొట్టులో అరువు పెట్టి సరుకులు తెస్తారు, బిల్లు మంజూరై డబ్బు ఖాతాలో పడేదాకా వడ్డీ భారం వాళ్లదే. వంట మనిషి గౌరవ వేతనం కింద కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయలు అని నిర్ణయించి, అదీ ఏడాదిలో 10 నెలలకే అని చెప్పి, తర్వాత దాని జోలికి పోలేదు. కొన్ని రాష్ట్రాలు తమ డబ్బు కలిపి పెంచుకున్నాయి. ఈ పరిస్థితిలో పప్పు పలచబడి చారు కావడాన్ని దొంగతనం అనేయడం తేలిక. చాలాచోట్ల అది అప్పులో ఉన్న మనిషి చేసుకున్న సర్దుబాటు. కొన్నిచోట్ల దొంగతనమే. ఏది ఏదో బయటివాడికి రిజిస్టరు చూస్తే తెలియదు. రోజూ కళ్లతో చూసేవాళ్లకే తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కేంద్రం రేటు దగ్గరే ఆగిపోలేదన్న మాట కూడా చెప్పుకోవాలి. తెలంగాణ 2015 జనవరి నుంచి బడులకు, హాస్టళ్లకు దొడ్డు బియ్యం మాని సన్న బియ్యం ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2020 జనవరిలో జగనన్న గోరుముద్ద పేరుతో రోజుకో రకం వంట, వారానికి ఐదు గుడ్లు, వేరుశనగ చిక్కీ పెట్టింది, 2023 మార్చిలో రాగిజావ చేర్చింది. ప్రభుత్వం మారాక 2024లో పథకానికి కోనసీమ లంకల గన్నవరంలో ఆకలిగొన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు విస్తరించారు, అదే ఏడాది జూన్ నుంచి సన్న బియ్యం ఇస్తున్నారు. ప్రాంతాల తిండి అలవాట్లను బట్టి రాష్ట్రాన్ని నాలుగు జోన్లుగా చేసి మెనూలు వేరు చేయడం వీటన్నిటిలో తెలివైన పని. ఉత్తరాంధ్ర పిల్లకూ రాయలసీమ పిల్లకూ ఒకే రుచి రుద్దాల్సిన అవసరం లేదు. తెలంగాణలో 2023 అక్టోబరు 6న ఉదయపు అల్పాహారం కూడా మొదలుపెట్టారు. ఈ పోటీ మంచిదే, ఓట్ల కోసం చేసినా పిల్లలకు గుడ్డు దక్కింది. కానీ ఈ మార్పులన్నీ పైనుంచి దిగినవి. వాటిలో తల్లిదండ్రులు ఓటర్లుగా కనిపిస్తారు, ఫొటోల్లో అతిథులుగా కనిపిస్తారు, అన్నాన్ని పరీక్షించే అధికారం ఉన్నవాళ్లుగా మాత్రం కనిపించరు. గోడ మీద రాసిన మెనూలో కూరగాయల పులావు ఉండి, పళ్లెంలో పసుపు కలిపిన అన్నం ఉంటే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగేది ఆ సమయానికి అక్కడ నిలబడి ఉన్న మనిషే.

అలాంటి మనిషి లేకపోతే ఏమవుతుందో బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామం చూసింది. 2013 జులై 16న ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో అన్నం, సోయా, బంగాళాదుంప కూర తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. కూర వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు ఉందని పరీక్షల్లో తేలింది. నూనె తేడాగా ఉందని వంట మనిషి చెప్పింది. కూర వాసన వేస్తోందని, చేదుగా ఉందని పిల్లలు అన్నారు. తినమన్నారు, తిన్నారు. వంట చేసిన ఆడవాళ్ల పిల్లలు కూడా అదే బంతిలో కూర్చున్నారు. ప్రధానోపాధ్యాయురాలికి 2016లో కోర్టు జైలు శిక్ష వేసింది. ఈ ఘటనను ఒక మనిషి ఘోరమైన నిర్లక్ష్యంగా చెప్పి ముగించడం సరిపోదు. ప్రమాదం సంగతి ఆ గదిలో ఉన్నవాళ్లకు ముందే తెలిసింది. వండే మనిషికి ముక్కు చెప్పింది, తినే పిల్లలకు నాలుక చెప్పింది. వడ్డన ఆపే అధికారం మాత్రం ఆ ఇద్దరికీ లేదు. నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం తీసుకునే మనిషి పెద్ద మేడమ్‌కు ఎదురు చెప్పలేదు, రెండో తరగతి పిల్లవాడు అసలే చెప్పలేడు. ఒక్క తల్లి ఆ పూట అక్కడ ఉండి ముద్ద నోట్లో పెట్టుకుని ఉంటే ఆ వడ్డన ఆగేది.

గండామన్ అరుదైన ఘటనే. ప్రాణం పోయేంత దూరం రాని ఘటనలు మాత్రం అరుదు కాదు. 2024 నవంబరులో తెలంగాణలోని నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వారం తిరిగేలోపు రెండుసార్లు పిల్లలు మధ్యాహ్న భోజనం తర్వాత అస్వస్థులై ఆస్పత్రికి చేరారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. మొదటిసారి పొరపాటు అనుకోవచ్చు. రెండోసారి కూడా జరిగిందంటే, మొదటిసారి తర్వాత అధికారులు చేపట్టిన చర్యలు పొయ్యి దగ్గరికి చేరలేదనే అర్థం. అన్నంలో పురుగులు వచ్చాయని పిల్లలు పళ్లేలతో రోడ్డెక్కిన వార్తలు తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ప్రతి ఏడూ కనిపిస్తూనే ఉంటాయి. రోడ్డు మీదికి వస్తే తప్ప వినేవాళ్లు లేరని పిల్లలకు ఎవరు నేర్పారో మనం ఆలోచించాలి.

చట్టంలో తల్లిదండ్రులకు చోటు లేదా అంటే, ఉంది. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. జాతీయ ఆహార భద్రత చట్టం కింద 2015 సెప్టెంబరు 30న వచ్చిన నియమాలు భోజనం నాణ్యత, పరిశుభ్రతల మీద పర్యవేక్షణను ఆ కమిటీకే అప్పజెప్పాయి. వడ్డనకు ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలని, వాళ్లలో కనీసం ఒకరు ఉపాధ్యాయులై ఉండాలని నిబంధన. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీకి పేరుపడ్డ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, మధ్యాహ్న భోజనం మీద కూడా 2012-13లో ఖమ్మం, చిత్తూరు జిల్లాల్లో అలాంటి తనిఖీ చేయించింది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చాలామంది తల్లులు, తండ్రులు పిల్లల పక్కన కూర్చుని అదే అన్నం తిన్నారు. ఆ రోజు వంట బాగుంటుందని వేరే చెప్పనక్కర్లేదు. కావలసింది ఏ సమావేశమూ లేని మంగళవారం నాటి సంగతి.

ఆ మంగళవారం తల్లిదండ్రులు ఎందుకు రారంటే, అది వాళ్లకు పని వేళ. అన్నం గంట కొట్టేది మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒంటి గంటకో. ఆ సమయానికి పత్తి చేలో, మిరప కోతలో, ఉపాధి పనిలో, భవన నిర్మాణం దగ్గర, పట్నంలో ఎవరి ఇంట్లోనో అంట్లు తోముతూ ఉండే తల్లి బడికి రావాలంటే ఆ పూట కూలి వదులుకోవాలి. తీరిక ఉన్నవాళ్ల పిల్లలు ఆ బడిలో లేరు. గత మూడు దశాబ్దాల్లో రెండు రాష్ట్రాల్లోనూ కాస్త సంపాదన ఉన్న కుటుంబాలు పిల్లలను ప్రైవేటు బడులకు తరలించాయి. ఊళ్లో నలుగురిలో మాట చెల్లేవాళ్లు, మండల విద్యాధికారికి ఫోను చేయగలవాళ్లు, చివరికి ఆ బడి ఉపాధ్యాయులు సైతం తమ పిల్లలకు పొద్దున్నే బాక్సు కట్టి బస్సెక్కిస్తారు. ఆ బాక్సులో ఏముందన్న విషయంలో వాళ్లకున్న పట్టింపు అంతా ఇంతా కాదు. అదే పట్టింపు ప్రభుత్వ బడి అన్నం మీద పడే దారి మాత్రం మూసుకుపోయింది. మిగిలిన తల్లిదండ్రులకు ఇంకో ఇబ్బంది ఉంది. ఉచితంగా పెడుతున్నారు, ఏం అడుగుతాంలే అన్న మొహమాటం. పిల్ల చదువు ఆ సారు చేతిలోనే ఉంది, తగవు పెట్టుకుంటే పిల్ల మీద చూపిస్తారేమో అన్న భయం. మెనూ ఎంత మెరుగుపడినా నాణ్యత ఆ వేగంతో పెరగకపోవడానికి ఈ ఖాళీయే పెద్ద కారణం.

ఈ వాదనకు అభ్యంతరాలు ఉన్నాయి, వాటిలో కొన్ని తేలిగ్గా తీసేయలేనివి. చదువు రాని తల్లి కెలోరీలు, మాంసకృత్తులు ఎలా కొలుస్తుందన్నది మొదటిది. కొలవనక్కర్లేదు, అందుకు ప్రయోగశాలలు ఉన్నాయి, నమూనాలు పంపాలని నియమాలూ చెబుతున్నాయి. కానీ అన్నం పలుకుగా ఉందో జావలా ఉందో, పప్పు పప్పేనో నీళ్లో, గుడ్డు మురిగిందో మంచిదో, పాత నూనె కంపు కొడుతోందో లేదో చెప్పడంలో ఇరవై ఏళ్లు పొయ్యి దగ్గర గడిపిన మనిషిని మించిన నిపుణులు లేరు. ప్రయోగశాల నివేదిక వచ్చేసరికి ఆ అన్నం అరిగిపోయి ఉంటుంది.

రెండో అభ్యంతరం కేంద్రీకృత వంటశాలల వైపు నుంచి వస్తుంది. ఆవిరితో పనిచేసే పెద్ద పాత్రల్లో, చేతులు తగలకుండా, వేలమందికి ఒకేచోట వండి వాహనాల్లో పంపితే పరిశుభ్రత గొడవే ఉండదు కదా, తల్లిదండ్రుల కాపలా దేనికి అంటారు. 2000లో బెంగళూరులో మొదలైన అక్షయపాత్ర ఫౌండేషన్ ఈ పద్ధతికి ప్రసిద్ధి, తెలుగు రాష్ట్రాల్లోనూ దానికి వంటశాలలు ఉన్నాయి. ఇరుకు నగరాల్లో, వంటగది కట్టుకునే జాగా లేని బడులకు ఇది పనికొచ్చే ఏర్పాటే. కానీ తెల్లవారుజామున వండిన సాంబారు మధ్యాహ్నానికి పిల్ల పళ్లెంలోకి వచ్చేసరికి ఎలా ఉంటుందన్నది యంత్రం తేల్చే విషయం కాదు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట, గుడ్డు ఊసు లేని మెనూ విషయంలో ఆ సంస్థ మీద కర్ణాటకలో 2019 ప్రాంతంలో పెద్ద వివాదమే నడిచింది. ఆహార హక్కు ఉద్యమకారుల అభ్యంతరం పోషణ గురించే కాదు, పిల్లల ఇళ్లలో తినే రుచిని వండేవాళ్ల నమ్మకం కోసం పక్కన పెట్టడం గురించి కూడా. బడి వెనకాల వండే మనిషిని ఊరి తల్లి పేరు పెట్టి పిలిచి నిలదీయగలదు. యాభై కిలోమీటర్ల అవతలి వంటశాలను ఎవరు నిలదీస్తారు? అలాంటి వంటశాలలు ఉన్నచోట డబ్బాల మూత తీసేటప్పుడు తల్లులు ఉండటం ఇంకా ముఖ్యం.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. తల్లిదండ్రులకు అధికారం ఇస్తే వాళ్లు దాన్ని మంచికే వాడతారన్న నమ్మకం ఏమిటి? ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ బడిలో 2021 డిసెంబరులో దళిత మహిళను వంటకు పెట్టగానే అగ్రకులాల పిల్లలు ఆ అన్నం తినడం మానేశారు. దాని వెనక ఉన్నది పెద్దవాళ్లే. ఆమెను తీసేశారు, దేశమంతా గగ్గోలు పుట్టాక మళ్లీ పెట్టారు. దళిత వంట మనుషులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. అంటే ఈ పక్షపాతం అప్పటికే కోర్టు దృష్టిలో ఉంది. ఇంగ్లండులో ఇంకో రకం సంగతి జరిగింది. వంటవాడు జేమీ ఆలివర్ 2005లో టీవీ కార్యక్రమంతో ఒత్తిడి తేగా అక్కడి బడుల తిండిని ఆరోగ్యకరంగా మార్చే ప్రయత్నం మొదలైంది. మరుసటి ఏడాది దక్షిణ యార్క్‌షైర్‌లోని రామార్ష్‌లో కొందరు తల్లులు బడి కంచె మీదుగా పిల్లలకు బర్గర్లు, చిప్స్ అందించారు. నవ్వొచ్చే దృశ్యమే గానీ, తమను అడక్కుండా తమ పిల్లల తిండి మార్చేశారన్న కోపం అందులో ఉంది. ఈ రెండు ఉదాహరణలూ తల్లిదండ్రుల అధికారానికి హద్దు గీయాలని చెబుతాయి, అధికారమే వద్దని కాదు. ఎవరు వండాలన్నది రాజ్యాంగం, కోర్టులు తేల్చిన విషయం, అందులో ఏ కులం ఇష్టానికీ చోటు లేదు. ఎన్ని మాంసకృత్తులు ఉండాలన్నది పోషకాహార శాస్త్రం చెప్పే విషయం. వండింది శుభ్రంగా ఉందా, సరిపడా ఉందా, తినేలా ఉందా అన్నది మాత్రం తల్లిదండ్రులు తేల్చాలి. పైగా రోజూ వచ్చి ఆ అన్నం రుచి చూసే తల్లి, ఆ వండిన చేతిని కులం పేరుతో దూరం పెట్టడం కష్టం. పథకం మొదట్నుంచీ ఆశించిన సహపంక్తి పెద్దవాళ్లకు కూడా అవసరమే.

ఇక ఉపాధ్యాయుల వైపు నుంచి వచ్చే మాట: చదువు చెప్పాలా, పప్పు రుచి చూడాలా, మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించాలా? ఆ విసుగులో న్యాయం ఉంది. ఆ భారం తగ్గాలన్నా తల్లిదండ్రులు పంచుకోవడమే దారి. జపాన్‌లో మాత్రం ఉపాధ్యాయులు తరగతి గదిలో పిల్లలతో కలిసి అదే భోజనం తింటారు, అంతకు ముందే ప్రధానోపాధ్యాయుడు రుచి చూస్తాడు. అక్కడ భోజనం కూడా పాఠంలో భాగం. 1954 నాటి పాఠశాల భోజన చట్టం నుంచి అది అలాగే నడుస్తోంది. సరుకుల ఖర్చు చాలాకాలంగా తల్లిదండ్రులే భరిస్తూ వచ్చారు గనుక అడిగే హక్కు వాళ్లకు పుట్టుకతోనే వచ్చినట్టుంటుంది. మన తల్లిదండ్రులు పన్నుల రూపంలో భరిస్తున్నారు, అది వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే తేడా.

ఆచరణలో ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రోజుకు ఇద్దరు తల్లుల చొప్పున వంతులు వేసుకుని, వాళ్ల పని వేళలను బట్టి వారం ముందే పేర్లు రాసుకుని, వచ్చిన పూట కూలి నష్టపోకుండా కొంత భత్యం ఇస్తే చాలు. ఒక్కో బడికి అయ్యే ఖర్చు ఆ బడి నెల గుడ్ల బిల్లు కన్నా పెద్దదేమీ కాదు. వాళ్ల సంతకం లేకుండా బిల్లు కదలకూడదు. అలాగే, సంతకం పడ్డాక నెలలోపు డబ్బు వంట మనుషుల ఖాతాలో పడాలి, లేకపోతే ఈ పద్ధతి అప్పులో ఉన్న ఆడవాళ్ల మీద మరో పెత్తనంగా మారుతుంది. ఇక అధికారులు చూడాల్సిన అంకె ఒకటే: ఆ రోజు బడికి వచ్చినవాళ్లలో ఎంతమంది బడి అన్నం తిన్నారు. వందకు తొంభై మంది తింటే వంట బాగున్నట్టే. అరవైకి పడిపోతే గోడ మీద మెనూ ఎంత బాగున్నా ఏదో తేడా జరిగింది. ఈ అంకె ఇప్పటికే యాప్‌లలోకి వెళ్తోంది. దాన్ని బడి నోటీసు బోర్డు మీద ఊరివాళ్లకు కనిపించేలా రాయడం లేదు.

ప్రభుత్వ బడికి పిల్లలను పంపే ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన నియమాలు ఇంకో రెండు ఉన్నాయి. ఏ కారణం వల్లనైనా బడిలో భోజనం పెట్టకపోతే ఆ రోజుల ధాన్యం, వంట ఖర్చు ఆహార భద్రత భత్యంగా మరుసటి నెల 15వ తేదీలోపు పిల్లలకు చెల్లించాలి. వరసగా 3 పని దినాలు గానీ, నెలలో 5 రోజులు గానీ భోజనం ఆగితే బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి. రుచి చూసినవాళ్లు సంతకం పెట్టిన రిజిస్టరు బడిలో ఉంటుంది. అడిగి చూడండి.